రోడ్డు దాకా వచ్చి వెనక్కి తిరిగిన జంతువుల లెక్క ఎవరు రాస్తారు?

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే. ఈ గదిలో రోడ్లు డిజైన్ చేసే ఇంజనీర్లు ఉన్నారు, అడవుల్లో పనిచేసేవాళ్లు ఉన్నారు, ఇంకా చదువుకుంటున్నవాళ్లు కూడా చాలామందే వచ్చారు. అందరికీ కలిపి ఒక ప్రశ్నతో మొదలుపెడతాను.

అడవి మధ్యలోంచి ఒక రోడ్డు పోతోంది అనుకోండి. పదేళ్ల కిందట ఆ రోడ్డు మీద నెలకి పది జంతువులు బండ్ల కింద పడి చచ్చిపోయేవి. ఇప్పుడు నెలకి ఒక్కటి కూడా చావట్లేదు. ఇది మంచి వార్తా, చెడ్డ వార్తా?

చాలామంది మంచి వార్తే అంటారు. నేనూ మొదట్లో అలాగే అనుకునేవాణ్ణి. కానీ ఆలోచించండి, జంతువులకి దాటడానికి సరైన దారి దొరికి ఉంటే అది నిజంగా మంచిదే. లేదా చుట్టుపక్కల చావడానికి జంతువులే మిగలలేదేమో. లేదా ట్రాఫిక్ ఎంత పెరిగిపోయిందంటే, అవి రోడ్డు అంచు దాకా వచ్చి, ఆ మోత విని, ఆ లైట్లు చూసి, దాటే ప్రయత్నమే మానుకున్నాయేమో. ఈ చివరిది జరిగిన చోట తారు మీద రక్తపు మరక కనపడదు, ప్రమాదాల రిజిస్టర్‌లో సున్నా ఉంటుంది, అడవి మాత్రం రెండు ముక్కలైపోయి ఉంటుంది. బండ్లు తక్కువగా తిరిగే రోడ్డుని చాలా జంతువులు దాటేస్తాయి. ట్రాఫిక్ ఒక మోస్తరుగా ఉన్నప్పుడే ఎక్కువ చస్తాయి, ఎందుకంటే మధ్యలో ఖాళీ దొరుకుతుందన్న ఆశతో అడుగు వేస్తాయి. మరీ ఎక్కువైందంటే రోడ్డు గోడ అయిపోతుంది. మనం లెక్కపెట్టేది చచ్చిన జంతువుల్ని. రోడ్డు దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయినవాటిని ఎవరూ లెక్కపెట్టరు. ఈరోజు నేను మాట్లాడాలనుకుంటున్నది వాటి గురించే.

రోడ్డు అంటే తారు పోసిన ఆ కాస్త వెడల్పే అనుకుంటాం. అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో పరిశోధకులు ఒక పని చేశారు. రోడ్డే లేని కొండ వాలు మీద దాదాపు అర కిలోమీటరు పొడవునా స్పీకర్లు పెట్టి, ట్రాఫిక్ చప్పుడు మాత్రం వినిపించారు. బండి లేదు, పొగ లేదు, లైటు లేదు, ఒక్క చెట్టు కొట్టలేదు. అయినా ఆ చప్పుడు వినిపించిన రోజుల్లో అక్కడ పక్షుల సంఖ్య పావు వంతుకు పైగా పడిపోయింది. ఒట్టి శబ్దానికే ఇలా అయితే అసలు రోడ్డుకి ఏమవుతుందో ఊహించుకోండి. 2016లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం, రోడ్ల వల్ల భూమి మీది నేల 6 లక్షల ముక్కలైందని, వాటిలో సగానికి పైగా ఒక చదరపు కిలోమీటరు కూడా లేవని లెక్క తేల్చింది. ఒక మగ పులికో చిరుతకో ఆ ముక్క ఏ మూలకి సరిపోతుంది?

ముక్కలో మిగిలిపోయిన జంతువు వెంటనే చావదు. అందుకే ప్రమాదం మన కంటికి ఆనదు. లాస్ ఏంజలెస్‌లో పి-22 అని పరిశోధకులు నంబరు ఇచ్చిన ఒక మగ కూగర్ ఉండేది, కొండసింహం అని కూడా అంటారు కదా, అది. రెండు పెద్ద ఫ్రీవేలు దాటి గ్రిఫిత్ పార్క్ చేరింది. ఎలా దాటిందో ఎవరూ చూడలేదు. ఆ పార్కు మొత్తం కలిపినా 23 చదరపు కిలోమీటర్ల లోపే. మామూలుగా మగ కూగర్‌కి కావలసిన నేలతో పోలిస్తే అది చాలా చిన్నది. అక్కడ దానికి ఆడతోడు లేదు, రావడానికి దారీ లేదు. దాదాపు పదేళ్లు ఒంటరిగా బతికి 2022 డిసెంబరులో పోయింది. పక్కనే ఉన్న శాంటా మోనికా కొండల్లో మిగతా కూగర్లది ఇంకో రకం కష్టం. బయటి నుంచి కొత్తవి రాలేక దగ్గరి రక్తసంబంధాల్లోనే జతకట్టడం వల్ల వంకర తోకలతో పుట్టినవి 2020లో కనిపించాయి. తోక వంకరగా ఉంటే ఏమైందిలే అనుకోకండి, జన్యువుల్లో లోపలేం జరుగుతోందో పైకి కనిపించే గుర్తు అది. ఫ్లోరిడాలో ఇదే జాతి జంతువులు 1990ల్లో ఇరవై ముప్ఫైకి పడిపోయినప్పుడు, 1995లో టెక్సాస్ నుంచి ఎనిమిది ఆడ కూగర్లని పట్టుకొచ్చి వదలాల్సి వచ్చింది. అవి తమంతట తాము నడిచి రావలసిన దారి లేకపోయేసరికి మనుషులు మోసుకు రావలసి వచ్చింది.

సరే, ఇక ప్లానింగ్ దగ్గరికి వద్దాం.

మామూలుగా జరిగేది ఏంటంటే, అలైన్‌మెంట్, అంటే రోడ్డు ఎటు నుంచి పోవాలన్న గీత, ఖరారవుతుంది, డీపీఆర్, అంటే ప్రాజెక్టు పూర్తి వివరాల నివేదిక, తయారవుతుంది, డబ్బు మంజూరవుతుంది, ఆ తర్వాత ఎప్పుడో ఎవరో వన్యప్రాణుల మాట ఎత్తుతారు. అప్పుడు ఎక్కడో ఒక చోట అండర్‌పాస్, అంటే రోడ్డు కింద నుంచి జంతువులు పోయే దారి, ఇరికిస్తారు. అది ఎక్కడ వస్తుందంటే ఇంజనీరింగ్‌కి ఎక్కడ వీలైతే అక్కడ. జంతువు నడిచే చోటుకీ దానికీ సంబంధం ఉండదు. ఇది ఇంజనీర్ల తప్పని నేను అనట్లేదు, వాళ్ల చేతికి ఆ సమాచారం ఇచ్చే సమయానికి గీత గీయడం అయిపోయి ఉంటుంది. అందుకే నేను ఎప్పుడూ అడిగేది ఒక్కటే. మ్యాప్ మీద ముందు జంతువుల దారులు గీయండి. రోడ్డు ఆ తర్వాత గీయండి. ఆ రోడ్డు ఆ దారుల్ని పూర్తిగా తప్పించుకుని పోగలిగితే అంతకన్నా మంచి పరిష్కారం లేదు, ఎన్ని వంతెనలు కట్టినా దానికి సాటి రాదు. తప్పించలేమని తేలిన తర్వాతే వంతెన గురించి మాట్లాడాలి.

ఆ దారులు ఎలా తెలుస్తాయి? జంతువు మెడకి కట్టే జీపీఎస్ కాలర్లు, ఎదురుగా జంతువు కదిలితే వాటంతట అవే ఫొటో తీసే కెమెరా ట్రాప్‌లు, అడుగుజాడలు, పెంటికలు, అక్కడ పశువులు మేపుకునేవాళ్ల అనుభవం, ఇవన్నీ కలిపితే తెలుస్తాయి. నేలని ఒక కరెంటు సర్క్యూట్‌లా చూసే పద్ధతి కూడా ఉంది, బ్రాడ్ మెక్‌రే అనే శాస్త్రవేత్త దీన్ని జీవావరణంలోకి తెచ్చాడు. అడవిలో నడక సులువు కాబట్టి అక్కడ నిరోధం తక్కువ, ఊళ్లు, రోడ్లు ఉన్న చోట నిరోధం ఎక్కువ. రెండు అడవుల మధ్య కరెంటు ప్రవహిస్తే ఏ సందులోంచి ఎక్కువగా పోతుందో కంప్యూటర్ చూపిస్తుంది. అలా కరెంటు అంతా ఒక సన్నటి సందులోకి చేరిన చోటే మనం అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాలి, అది పోతే ఇంకో దారి లేదు. కానీ ఇది లెక్కే, నడిచి చూసినదానికి బదులు కాదు. వాగులు, లోయలు, గట్ల వెంట ఉండే చెట్ల వరసలు చాలా జంతువులకి సహజమైన దారులు. ఏ మోడల్ లేకపోయినా వాటితో మొదలుపెట్టవచ్చు.

ఈ దారులు ఎంత పాతవో చెప్పడానికి ఒక ఉదాహరణ. అమెరికాలోని వయోమింగ్‌లో ప్రాంగ్‌హార్న్ అనే జింకలాంటి జంతువు ఏటా గ్రాండ్ టీటన్ ప్రాంతం నుంచి గ్రీన్ రివర్ లోయకి, మళ్లీ అక్కడి నుంచి వెనక్కి వలస వెళ్తుంది. ఆ దారిలో ట్రాపర్స్ పాయింట్ అనే ఇరుకు చోటు ఉంది. అక్కడ తవ్వితే దాదాపు 6,000 ఏళ్ల కిందట మనుషులు వేటాడిన ప్రాంగ్‌హార్న్ ఎముకలు దొరికాయి, వాటిలో కడుపులో ఉన్న పిల్లల ఎముకలు కూడా ఉన్నాయి కాబట్టి ఏ కాలంలో అటుగా వెళ్లేవో కూడా తెలిసింది. అంటే ఆరు వేల ఏళ్లుగా అదే దారి, అదే కాలం. ఇప్పుడు ఆ ఇరుకులోంచే ఒక హైవే పోతోంది. 2012లో అక్కడ జంతువులు రోడ్డు మీంచి దాటేలా వంతెనలు, అంటే రెండు ఓవర్‌పాస్‌లు, ఆరు అండర్‌పాస్‌లు, వాటిని కలుపుతూ కంచె కట్టారు. ఓవర్‌పాస్‌లు ఎందుకంటే ప్రాంగ్‌హార్న్ కంటిచూపు మీద బతికే జంతువు. దూరం దాకా కనిపిస్తే తప్ప దానికి ధైర్యం చాలదు. చీకటిగా ఉండే సొరంగంలోకి అడుగు పెట్టమంటే పెట్టదు. కంచె విషయంలో కూడా దానిది వేరే తీరు. జింకలు కంచె మీంచి దూకుతాయి, ఇది మాత్రం కింద నుంచి దూరడానికి చూస్తుంది. అందుకని పొలాల దగ్గర కంచెల్లో అన్నిటికన్నా కింది తీగని ముళ్లు లేకుండా, కాస్త ఎత్తులో కడితే చాలు, వందల కిలోమీటర్ల దారి తెరుచుకుంటుంది. ఇలాంటి చిన్న విషయం తెలియక ఎంత నష్టం జరుగుతుందో!

ఏ జంతువుకి ఏం కావాలన్నది మనం ఊహించుకుని కట్టేది కాదు. దీనికి కెనడాలోని బాన్ఫ్ నేషనల్ పార్క్ పెద్ద పాఠశాల. ట్రాన్స్ కెనడా హైవేని వెడల్పు చేసినప్పుడు అక్కడ కాలక్రమంలో 6 ఓవర్‌పాస్‌లు, 38 అండర్‌పాస్‌లు కట్టి, రోడ్డుకి రెండు పక్కలా కంచె వేశారు. పెద్ద జంతువులతో జరిగే ప్రమాదాలు 80 శాతానికి పైగా తగ్గాయి, ఎల్క్ అనే పెద్ద జింకలు, మామూలు జింకల విషయంలో అయితే 96 శాతం. కానీ నాకు అంతకన్నా ముఖ్యమనిపించేది, వాళ్లు 1996 నుంచి ఏళ్ల తరబడి కూర్చుని ఎవరు ఎక్కడ దాటుతున్నారో రాసుకోవడం. గ్రిజ్లీ ఎలుగులు, తోడేళ్లు, ఎల్క్‌లు వెడల్పుగా, తెరుపుగా ఉన్న వంతెనలని ఇష్టపడ్డాయి. కూగర్లు, నల్ల ఎలుగులు అయితే పొడవైన ఇరుకు దారుల్లోంచి పోవడానికి మొగ్గు చూపాయి. పిల్లలతో ఉన్న గ్రిజ్లీ తల్లులు ముఖ్యంగా పెద్ద ఓవర్‌పాస్‌లే ఎంచుకున్నాయి. ఎల్క్‌లు తొందరగా అలవాటు పడ్డాయి, గ్రిజ్లీలకి కొన్ని చోట్ల ఐదేళ్ల దాకా పట్టింది.

ఆ ఐదేళ్ల మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. రోడ్డు ప్రాజెక్టుల్లో మానిటరింగ్‌కి ఏడాదో రెండేళ్లో పెడతారు. రెండో ఏడాది రిపోర్టులో 'ఎలుగులు వంతెన వాడటం లేదు, డబ్బు దండగ' అని రాసి ఫైలు మూసేస్తే ఏమయ్యేది? తల్లి వెంట వంతెన ఎక్కిన పిల్ల పెద్దయ్యాక అదే దారి పట్టడానికి సమయం ఇవ్వాలి కదా. బాన్ఫ్‌లో దాటే చోట ముళ్లతీగ కట్టి, దానికి చిక్కుకున్న వెంట్రుకల్లోంచి డీఎన్ఏ తీసి చూశారు. దాటిన ఎలుగుల్లో కొన్ని జతకట్టి పిల్లల్ని కన్నాయని తేలింది. నా దృష్టిలో వంతెన పనిచేసిందనడానికి గట్టి రుజువు ఇదే. ఫొటోలో కనిపించిన జంతువు ఒకసారి దాటిందని మాత్రమే తెలుస్తుంది, రెండు వైపుల కుటుంబాలు కలిశాయని తెలియాలంటే ఇంత ఓపిక కావాలి.

మన దేశంలో ఎన్‌హెచ్ 44 మీద పెంచ్ పులుల అడవి దగ్గర జంతువుల కోసం కట్టినవి మీలో చాలామందికి తెలిసే ఉంటాయి. మహారాష్ట్ర వైపు భాగంలో తొమ్మిది నిర్మాణాలు, 50 మీటర్ల నుంచి 750 మీటర్ల దాకా ఉన్నాయి. 750 మీటర్లు అంటే మాటలా, రోడ్డునే పైకెత్తి నేలని జంతువులకి వదిలేసినట్టు. కేవలం 2019 మార్చి నుంచి డిసెంబరు లోపు తీసిన కెమెరా ట్రాప్ ఫొటోల్లో 18 జాతుల జంతువులు కనిపించాయి, వాటిలో 11 వేర్వేరు పులులు ఉన్నాయి. ఇది ఊరికే రాలేదు, ఆ రోడ్డు విస్తరణ మీద ఏళ్ల తరబడి కోర్టుల్లో వాదనలు నడిచాయి. అయినా అక్కడ నాకు నచ్చినది, కింద నేల అలాగే ఉంది. కాంక్రీటు గచ్చు కాదు, గడ్డి ఉంది, మట్టి ఉంది.

ఎందుకంటున్నానంటే, నేను ఒకసారి ఒక చోట వన్యప్రాణుల కోసమని కట్టిన అండర్‌పాస్ చూడటానికి వెళ్లాను. కాగితం మీద కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి. లోపల మోకాలి లోతు నీళ్లు నిలిచి ఉన్నాయి. అవతలి మూతి దగ్గర పని అయిపోయాక మిగిలిన రాళ్లు, కంకర కుప్ప పోసి ఉంది. పైన సరిగ్గా అక్కడే ఒక లైటు స్తంభం, రాత్రంతా వెలుగుతుంది. బురదలో ఒక నక్క అడుగుజాడలు నీళ్ల అంచు దాకా వచ్చి, అక్కడ కాసేపు అటూ ఇటూ తిరిగి, వచ్చిన దారినే వెనక్కి వెళ్లాయి. నాకు ఆ జాడలు చూసి చాలా బాధేసింది. అన్ని కోట్లు పెట్టి కట్టిన దాన్ని చెడగొట్టింది ఒక కాలవ తవ్వకపోవడం, ఒక కుప్ప తీయకపోవడం, ఒక లైటు పక్కకి జరపకపోవడం. అప్పటి నుంచి నేను ఏ అండర్‌పాస్ దగ్గరికి వెళ్లినా ముందు కింద కూర్చుని, జంతువు కంటి ఎత్తు నుంచి చూస్తాను. అవతల ఆకాశమో పచ్చదనమో కనపడాలి. కాళ్లకి పొడి నేల తగలాలి. చిన్న జంతువులకి దాక్కోవడానికి అంచుల వెంట దుంగలు, పొదలు ఉండాలి. కప్పలకైతే దీనికి సరిగ్గా వ్యతిరేకం, వాటికి తడి కావాలి, పొడి కాంక్రీటు మీద అవి నడవలేవు, అందుకే కప్పల సొరంగాలకి పైన సందులు పెట్టి వాననీళ్లు దిగేలా చేస్తారు. కొమ్మల మీదే బతికే జంతువులకి నేల మీద ఎంత మంచి దారి చేసినా అక్కరకి రాదు, తోకలేని కోతుల్లాంటి గిబ్బన్లకి, కోతులకి పైన తాడు వంతెనలు కట్టాలి, ఆలోగా చెట్ల కొమ్మలు రెండు వైపుల నుంచీ పెరిగి కలుసుకునేలా చూడాలి. హిందూ మహాసముద్రంలోని క్రిస్మస్ దీవిలో ఎర్ర పీతల కోసం ఐదు మీటర్ల ఎత్తు దాటిన వంతెన కట్టారు, తొలి వానలకి కోట్లాది పీతలు అడవి నుంచి సముద్రానికి బయల్దేరినప్పుడు కొన్ని రోడ్లే మూసేస్తారు.

కంచె గురించి చాలామందికి ఒక అపోహ ఉంది, వంతెన ఉంటే కంచె ఎందుకని. వంతెన ఒక్కటే కడితే జంతువు దాన్ని వెతుక్కుంటూ రాదు. కంచె దాన్ని వంతెన దాకా నడిపిస్తుంది. కానీ కంచె పొట్టిగా ఉంటే జంతువులు దాని చివర దాకా నడిచి అక్కడ రోడ్డెక్కుతాయి, ప్రమాదాలు ఆ చివరికి చేరతాయి అంతే. ఐదు కిలోమీటర్ల కన్నా తక్కువ ఉన్న కంచెలు నమ్మకంగా పనిచేయవని పరిశోధనల్లో తేలింది. పొరపాటున కంచె లోపలికి వచ్చి ఇరుక్కున్న జంతువు బయటికి దూకడానికి మట్టి దిబ్బలు కూడా ఉండాలి, లోపలి నుంచి ఎక్కి దూకొచ్చు, బయటి నుంచి ఎక్కడానికి కుదరదు. వంతెన లేకుండా కంచె మాత్రమే వేయడం మాత్రం నేను ఎప్పుడూ ఒప్పుకోను. అప్పుడు రోడ్డు మీద చావులు ఉండవు, మొదట్లో నేను చెప్పిన సున్నా వస్తుంది, అడవికి గోడ కట్టినట్టు అవుతుంది.

ఇంకా ఒక విషయం చెప్పకపోతే ఇదంతా సగమే. వంతెనకి రెండు చివర్లా ఏముంది? కెన్యాలో మౌంట్ కెన్యా అడవి నుంచి కింది మైదానాల వైపు వెళ్లే ఏనుగుల కోసం రోడ్డు కింద అండర్‌పాస్ కట్టారు, 2011 నుంచి ఏనుగులు అందులోంచి నడుస్తున్నాయి. అది పనిచేయడానికి కారణం ఆ సొరంగం ఒక్కటే కాదు. దానికి పైనా కిందా కొన్ని కిలోమీటర్ల పొడవునా నేలని కారిడార్‌గా ఉంచారు. అటవతల లేఅవుట్ వేసి, ఇటవతల గోడౌన్ కట్టి, మధ్యలో అందమైన ఓవర్‌పాస్ ఉంటే అది ఎక్కడి నుంచి ఎక్కడికి? నేను నిర్మాణం డ్రాయింగ్ చూపించినవాళ్లని ముందు ఇదే అడుగుతాను, ఇరవై ఏళ్ల తర్వాత ఈ రెండు చివర్లా భూమి ఎవరి చేతిలో ఉంటుంది, దాని వాడకం మార్చకుండా ఏ కాగితం ఆపుతుంది? రోడ్డు శాఖ పరిధి రోడ్డు హద్దు రాయితో అయిపోతుంది, అడవి శాఖ పరిధి అడవి హద్దు రాయితో అయిపోతుంది, ఆ రెండు రాళ్ల మధ్య ఉన్న పొలాలు, బీడులు, వాగు గట్లే చాలా చోట్ల అసలైన దారి. అక్కడి రైతులతో ముందే కూర్చుని మాట్లాడాలి. వాళ్ల పంటకి నష్టం జరిగితే ఎవరు, ఎన్ని రోజుల్లో ఇస్తారో తేల్చకుండా వాళ్ల పొలంలోంచి మ్యాప్ మీద పచ్చరంగు గీత గీయడం అన్యాయం, అది నిలబడదు కూడా.

ఇప్పటికే వేసేసిన రోడ్ల సంగతేంటని ఇందాక టీ దగ్గర ఒకమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న, ఎందుకంటే రేపు వేయబోయే వాటికన్నా నిన్న వేసినవే చాలా ఎక్కువ. కర్ణాటకలోని బందీపూర్ అడవిలో 2009 నుంచి రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా హైవే మూసేస్తున్నారు, ఖర్చు తక్కువ, ఫలితం వెంటనే. అస్సాంలోని కజిరంగాలో వరదలప్పుడు జంతువులు హైవే దాటి కార్బీ కొండల మీదికి పోవాలి, అందుకని ఆ కారిడార్ల దగ్గర గంటకి 40 కిలోమీటర్ల వేగం మించకూడదని పెట్టారు. ఒట్టి హెచ్చరిక బోర్డుల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు, రోజూ చూసే బోర్డు నాలుగు రోజులకి కంటికి ఆనదు. కల్వర్టులు మాత్రం ప్రతి రోడ్డుకీ ఉన్నాయి. వాటిలో నీళ్ల మట్టానికి పైన గోడ పక్కనే ఒక అరుగు కడితే ముంగిసలు, పిల్లులు, చిన్న జంతువులు పొడి కాళ్లతో దాటిపోతాయి. రోడ్డు మరమ్మతుకి ఎలాగూ తవ్వుతారు, అప్పుడే ఈ పని చేయించుకోండి, విడిగా చేయాలంటే అయ్యే ఖర్చులో చిన్న భాగంతో అయిపోతుంది.

మీలో కొందరు మీ ప్రాజెక్టు మ్యాపులు వెంట తెచ్చారని విన్నాను. వాటిని ఈ బల్ల మీద పరవండి. రోడ్డు గీత తర్వాత చూద్దాం, ముందు వాగులు ఎక్కడున్నాయో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుందాం.